క్యారమ్ స్ట్రైకర్ మీద చెక్కిన పేరుకి మళ్ళీ రంగు నింపుకోవడం ఎలా

స్ట్రైకర్ అంతా బాగానే ఉంటది, అంచు ఎక్కడా పగల్లేదు, అడుగు నున్నగా జారతానే ఉంది, చేతికి బాగా అలవాటైపోయి ఉంటది, కానీ పైన చెక్కించుకున్న పేరు మాత్రం కనపడదు. గాడి అలాగే ఉంది, అందులో రంగే ఊడిపోయింది, సగం అక్షరాల్లో నల్లగా మురికి, మిగతా సగంలో తెల్లగా బోరిక్ పౌడర్. విజయవాడలో ఎండాకాలం సెలవలొస్తే ప్రతి అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనూ ఒక బోర్డు పడిద్ది, నలుగురి స్ట్రైకర్లూ ఒకేలా ఉంటాయి, ఎవరిది ఎవరు పట్టుకెళ్ళారో తెలీక రోజూ ఒక పంచాయితీ. చాలామంది ఇక పాతబడిపోయిందని కొత్తది కొనేస్తారు. నేను మాత్రం కొనొద్దనే చెప్తాను, ఎందుకంటే చేతికి కుదిరిన స్ట్రైకర్ మళ్ళీ దొరకదు, రంగు అయితే కాస్త ఓపిగ్గా కూర్చుంటే ఇంట్లోనే వచ్చేసిద్ది.

ఒక్క విషయం ముందే చెప్పేస్తాను, దీని మీదే మొత్తం పని ఆధారపడి ఉంది. అందరూ రంగు వెయ్యడం కష్టం అనుకుంటారు, రంగు వెయ్యడం రెండు నిమిషాల పని. అసలు పని అంతా వెయ్యక ముందు గాడి శుభ్రం చెయ్యడంలో, వేశాక పైన మిగిలింది తుడవడంలో ఉంది. ఆ రెండూ ఓపిగ్గా చేస్తే చిన్నపిల్లాడు వేసినా షాపులో చేయించినట్టు వచ్చిద్ది, అవి వదిలేస్తే ఎంత ఖరీదైన పెయింట్ పోసినా నెల తిరక్కుండా ఊడిపోద్ది.

ముందు చూసుకోవాల్సింది, అది నిజంగా చెక్కిందా లేక పైన ప్రింట్ కొట్టిందా అని. గోరు అడ్డంగా పెట్టి అక్షరం మీద మెల్లగా లాగండి. గోరు తట్టుకుంటే చెక్కింది, నున్నగా జారిపోతే ప్రింటు. ప్రింట్ అయితే ఈ పద్ధతి పనికిరాదు, రంగు నిలవడానికి గాడి లేదు కాబట్టి ఎంత వేసినా ఆటలో అరిగిపోద్ది. గాడి ఉందిగానీ బాగా పైపైనే ఉంది, గోరుకి అందీ అందనట్టు తగుల్తుంది అంటే చెయ్యొచ్చు, కానీ తుడిచేటప్పుడు రెట్టింపు జాగ్రత్త కావాలి.

తర్వాత అది ఏ ప్లాస్టిక్కో చూసుకోండి. మామూలుగా దొరికే తెల్లటివి, మీగడ రంగువి అయితే పెద్దగా భయం లేదు. అద్దంలాగా ఆరపార కనిపించే స్ట్రైకర్లు ఉంటాయి చూడండి, అవి ఎక్కువగా యాక్రిలిక్, వాటి మీద పేర్లు చాలావరకు లేజర్‌తో కొట్టిస్తారు. లేజర్ వేడికి గాడి చుట్టూ ప్లాస్టిక్‌లో ఒక బిగువు ఉండిపోద్ది, పైకి కనపడదు, కానీ దాని మీద స్పిరిట్ లాంటిది పడగానే గాడి అంచుల నుంచి సన్నటి వెంట్రుక పగుళ్ళు బయటికొస్తాయి. ఒకసారి వచ్చాయంటే పోవు. కాబట్టి అద్దం రకానికి సబ్బు నీళ్ళు తప్ప ఇంకేదీ వాడొద్దు, రంగు కూడా నీళ్ళతో కలిపేదే వాడండి.

శుభ్రం చెయ్యడం

గాడిలో ఇరుక్కున్నది ఏంటో తెలిస్తే తియ్యడం తేలిక. అందులో మూడు ఉంటాయి, బోరిక్ పౌడరు, చేతి చెమటా జిడ్డూ, పాత రంగు పెచ్చులు. బోరిక్ పౌడర్ నీళ్ళలో కరిగిద్ది, చల్లటి నీళ్ళలో కొంచెమే, గోరువెచ్చటి నీళ్ళలో బాగా. అందుకని ఒక గిన్నెలో గోరువెచ్చటి నీళ్ళు పోసి రెండు చుక్కలు విమ్ లిక్విడ్ వేసి స్ట్రైకర్‌ని అరగంట అందులో వదిలెయ్యండి, సగం పని అదే అయిపోద్ది. త్వరగా అవ్వాలని మరిగే నీళ్ళు మాత్రం పొయ్యొద్దు, ప్లాస్టిక్ కొంచెం వంగినా బోర్డు మీద ఊగుద్ది, ఊగే స్ట్రైకర్‌తో ఎవడూ ఆడలేడు. కొన్ని పౌడర్లు నీళ్ళలో కరగవు, అవి బ్రష్‌తోనే రావాలి.

నానిన తర్వాత పాత టూత్‌బ్రష్, మెత్తటిది, తీసుకుని గుండ్రంగా రుద్దండి. ఇంకా మూలల్లో ఉన్నదానికి కొబ్బరి చీపురు పుల్ల చివర బ్లేడుతో సన్నగా చెక్కి గాడి వెంబడి లాగండి. గుండుసూది వద్దు, పిన్నీసు వద్దు. ఇనుము జారితే గాడి దాటి స్ట్రైకర్ మొహం మీద, అంటే పేరున్న పైభాగం మీద, గీత పడిద్ది, ఆ గీతలో రేపు రంగు దూరుతుంది, తుడిచినా పోదు. చీపురు పుల్ల అయితే జారినా ప్లాస్టిక్‌కి ఏమీ కాదు, మొద్దుబారితే ఇంకోటి చెక్కుకోవచ్చు, ఇంట్లో వాటికి కరువేముంది.

పాత రంగు మొత్తం పీకెయ్యాలా అని చాలామంది అడుగుతారు. అవసరం లేదు. పుల్లతో లాగితే లేచేదంతా తీసెయ్యండి, గట్టిగా పట్టుకుని ఉన్నదాన్ని అలా వదిలెయ్యండి, దాని మీద కొత్తది బాగానే కూర్చుంటది. కానీ రంగు మారుస్తున్నారు అనుకోండి, ఎరుపు తీసి పసుపు వేద్దామని, అప్పుడు మొత్తం తియ్యాల్సిందే, లేకపోతే కింద నుంచి ఎరుపు కనపడి పసుపు మురిగ్గా ఉంటది.

కడిగాక తుడిచి ఫ్యాన్ కింద ఒక రాత్రి ఆరనివ్వండి. పైన ఆరినట్టే ఉంటది, గాడి మూలల్లో చుక్క నీళ్ళు దాక్కుని ఉంటాయి, దాని మీద ఎనామిల్ లాంటి నూనె రంగు పడితే అక్కడ పట్టదు.

ఆరాక చివరిగా జిడ్డు తీసే తుడుపు ఒకటి, అద్దం రకానికి మాత్రం ఇది వద్దు. దీనికి మెడికల్ షాపులో సర్జికల్ స్పిరిట్ తెచ్చేస్తుంటారు, అది తేకండి, కొన్నిట్లో ఆముదం కలిసి ఉంటది, స్పిరిట్ ఆవిరైపోయాక ఆ నూనె పొర గాడిలోనే మిగిలిపోద్ది, మనం ఏది తియ్యాలనుకున్నామో దాన్నే మళ్ళీ పూసినట్టు అవుద్ది. మొబైల్ రిపేర్ వాళ్ళు బోర్డులు తుడవడానికి ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) అని ఒకటి వాడతారు, బీసెంట్ రోడ్డు చుట్టుపక్కల రిపేర్ షాపుల్లో అడిగితే ఎక్కడ దొరుకుద్దో చెప్తారు, అది తెచ్చుకోండి. ఇయర్ బడ్ తడిపి పిండేసి ఒక్కసారి గాడి మీద తిప్పితే చాలు. ఈ తుడుపు అయ్యాక మొహం మీద వేలు పెట్టొద్దు, అంచులు పట్టుకునే పని చెయ్యండి.

ఏ సీసా తెరుస్తున్నారో చూసుకోండి

ఈ భాగం గురించి నేను గట్టిగా చెప్తాను, ఎందుకంటే స్ట్రైకర్లు పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే. మా బాబాయ్ కొడుకు రంగు పక్కకి పోయిందని ఇంట్లో ఉన్న నెయిల్ పాలిష్ రిమూవర్ దూదికి అద్ది తుడిచాడు. తుడిచినంత మేర నిగనిగలాడే మొహం కాస్తా మసకబారిపోయి జిగటగా అయ్యి, దూది పోగులు అందులోనే అతుక్కుపోయాయి. ఆరాక చూస్తే వేలి ముద్ర కూడా పడి ఉంది. దాంట్లో ఉండేది అసిటోను, అది చాలా రకాల ప్లాస్టిక్‌ని కరిగించేసిద్ది. రిమూవరే కాదు, నెయిల్ పాలిష్‌లో కూడా అలాంటి ఘాటు ద్రవాలే ఉంటాయి కాబట్టి గాడిలో నెయిల్ పాలిష్ పొయ్యడం కూడా మంచిది కాదు, చూడ్డానికి మెరుస్తా ఉంటది గానీ గాడి అంచులు మెత్తబడి అక్షరం మొద్దుబారిపోద్ది.

హార్డ్‌వేర్ షాపుకి వెళ్ళినప్పుడు అసలు గొడవ ఏంటంటే, థిన్నర్, టర్పెంటైన్ రెండూ చాలాచోట్ల లూజుగా సీసాల్లో పోసి ఇస్తారు, రెండూ నీళ్ళలాగే ఉంటాయి. "బాబాయ్, పెయింట్‌లో కలిపేది ఇవ్వు" అంటే చేతికి అందింది ఇచ్చేస్తాడు. అలా కాదు, "బాబాయ్, నాకు ఎన్‌సీ థిన్నర్ వద్దు, ఎనామిల్‌లో కలిపే టర్పెంటైన్ కావాలి" అని పేరు పెట్టి అడగండి, ఇంటికి రాగానే సీసా మీద రాసి పెట్టుకోండి. ఎన్‌సీ థిన్నర్ కారు పెయింట్లకీ చెక్క పాలిష్‌కీ వాడేది, ప్లాస్టిక్ మీద అది కూడా రిమూవర్ చేసిన పనే చేసిద్ది. పెట్రోలు కూడా వద్దు.

మరి మన స్ట్రైకర్‌కి టర్పెంటైన్ పడుద్దో లేదో ఎలా తెలియాలి? పరీక్ష చెయ్యాలి. ఎక్కడ చేస్తారు అనేది ముఖ్యం. మామూలు వస్తువుకి అయితే కనపడని చోట చేస్కోమంటారు, స్ట్రైకర్‌కి కనపడని చోటంటూ ఏముంది? అంచు కాయిన్‌కి తగిలేది, అడుగు బోర్డు మీద జారేది, రెండూ పాడవ్వకూడదు. అందుకే నేను పరీక్ష గాడిలోనే చేస్తాను. పుల్ల చివర టర్పెంటైన్ తడిపి ఒక అక్షరం గాడి అడుగున పెట్టి ఐదు నిమిషాలు ఆగి, పొడి పుల్లతో గీకి చూడండి. గట్టిగా ఉంటే పర్లేదు. మెత్తగా, జిగటగా తగిలితే టర్పెంటైన్ పక్కన పెట్టేసి నీళ్ళ రంగులతో చేస్కోండి. మచ్చ పడ్డా ఎలాగూ రంగు కిందకే పోద్ది కాబట్టి నష్టం లేదు.

రంగు విషయానికొస్తే రెండే దారులు. ఒకటి ఫెవిక్రిల్, క్యామెల్ లాంటి యాక్రిలిక్ రంగులు, చిన్న సీసాల్లో పుస్తకాల షాపుల్లోనే దొరుకుతాయి, నీళ్ళతో కలుస్తాయి, ఏ ప్లాస్టిక్‌నీ ఏమీ చెయ్యవు, తప్పు పోతే తడి గుడ్డతో తుడిచేసి మళ్ళీ మొదలెట్టొచ్చు. మొదటిసారి చేసేవాళ్ళు ఇదే వాడండి. ఇక్కడి నుంచి యాక్రిలిక్ అంటే ఈ రంగే, స్ట్రైకర్ ప్లాస్టిక్ కాదు. రెండోది గేట్లకీ గ్రిల్స్‌కీ వేసే సింథటిక్ ఎనామిల్, వన్‌టౌన్‌లో గానీ గుంటూరు అయితే లాలాపేట వైపు గానీ హార్డ్‌వేర్ షాపుల్లో అన్నిటికంటే చిన్న డబ్బా అడగండి, మీ జీవితకాలం సరిపోద్ది. ఎనామిల్ గట్టిగా పట్టిద్ది, మెరుపు ఉంటది, చెమటకి తట్టుకుంటది, కానీ ఆరడానికి చాలా టైమ్ తీసుకుంటది.

పర్మనెంట్ మార్కర్‌తో గీసేస్తే పోదా అంటారు. గీయొచ్చు, నాలుగు రోజులు బానే ఉంటది, కానీ అది రంగు పొర కాదు సిరా, తెల్ల ప్లాస్టిక్ మీద గాడి పక్కకి పాకి మరకైపోద్ది, ముఖ్యంగా ఎరుపు. తర్వాత అసలు రంగు వేద్దామన్నా ఆ మరక చుట్టూ అలాగే ఉంటది. నాకైతే అస్సలు ఇష్టం ఉండదు.

ఏ రంగు ఎంచుకోవాలి అంటే తెల్ల స్ట్రైకర్ మీద నలుపు, ముదురు నీలం, ముదురు ఆకుపచ్చ, కుంకుమ ఎరుపు బాగా తేలతాయి. గోల్డ్ చాలామందికి మోజు, కానీ మీగడ రంగు మీద సన్నటి అక్షరాల్లో గోల్డ్ వేస్తే రెండడుగుల దూరం నుంచి ఏమీ కనపడదు, నల్ల స్ట్రైకర్ మీద అయితే అద్భుతంగా ఉంటది. గోల్డ్, సిల్వర్ రంగుల్లో పొడి అడుక్కి దిగిపోద్ది, ముంచే ప్రతిసారీ కలుపుకోవాలి. నల్లదాని మీద తెలుపు వేస్తే ఒక్క పూతకి బూడిద రంగులా కనిపిస్తది, కంగారు పడొద్దు, రెండో పూతకో మూడో పూతకో తేరుకుంటది.

రంగు పొయ్యడం, తుడవడం

టైమ్ కూడా చూస్కోవాలి మన ఊళ్ళో. రోహిణి కార్తెలో మధ్యాహ్నం రెండింటికి కూర్చుంటే పుల్ల మీద ఉన్న యాక్రిలిక్ గాడి దాకా వచ్చేలోపే పొర కట్టేసిద్ది. తెల్లారి ఎండెక్కక ముందు చేస్కోండి, ఫ్యాన్ ఆపేసి, ఎందుకంటే ఫ్యాన్ గాలికి దుమ్ము వచ్చి తడి రంగు మీద వాలిద్ది. వానాకాలం అయితే తొందర లేదు గానీ ఆరడానికి రెట్టింపు టైమ్ లెక్కేసుకోండి.

రంగు చిక్కదనం పాలకీ మీగడకీ మధ్యలో ఉండాలి. డబ్బాలోంచి తీసింది సీసా మూతలో రెండు చుక్కలు వేసుకుని, యాక్రిలిక్ అయితే అర చుక్క నీళ్ళు, ఎనామిల్ అయితే అర చుక్క టర్పెంటైన్ కలపండి. టూత్‌పిక్ చివర ముంచి పైకెత్తితే చిన్న చుక్క వేలాడాలి, కారిపోకూడదు.

ఇప్పుడు ఆ చుక్కని అక్షరం మధ్యలో గాడికి తాకించండి, గీయొద్దు, ఊరికే తాకించి ఆగండి. చుక్క దానంతట అదే గాడిలోకి దిగి రెండు వైపులా పరిగెత్తుకుంటా పోద్ది, ఒక మిల్లీమీటరు, రెండు, మూడు, ఎక్కడ ఆగిందో అక్కడ ఇంకో చుక్క తాకించండి, ఆ రెండూ కలిసే చోట చిన్నగా మెరిసి సమానం అయిపోతాయి. ఇది చూడ్డానికి ఎంత బావుంటదంటే నేను ప్రతిసారీ పని ఆపి కాసేపు దాన్నే చూస్తాను. సన్నటి గాడి ద్రవాన్ని లాక్కోవడం వల్ల జరిగే పని అది, మన చెయ్యి వణికినా పర్లేదు. చుక్క కదలకుండా అక్కడే ఉబ్బెత్తుగా కూర్చుందంటే రంగు చిక్కగా ఉందని, లేకపోతే గాడిలో జిడ్డు ఇంకా ఉందని అర్థం.

తెలుగులో పేరు చెక్కించుకున్నవాళ్ళకి ఇక్కడ ఒక సుఖం, ఒక కష్టం ఉన్నాయి. మన అక్షరాలు గుండ్రం కాబట్టి రంగు ఎక్కడా ఆగకుండా తిరిగొచ్చేసిద్ది, అదే ఇంగ్లీషు ఎమ్, డబ్ల్యూ, కె లాంటి వాటి మూలల్లో గాలి బుడగ ఇరుక్కుని అక్కడ ఖాళీ మిగిలిపోద్ది, దాన్ని పొడి పుల్లతో పొడిచి పగలగొట్టాలి. కష్టం ఎక్కడంటే ఒత్తుల దగ్గర. కిందున్న ఒత్తు చిన్నగా, గాడి సన్నగా ఉంటది, పై అక్షరానికి పోసింది కిందకి పొంగి ఒత్తుకీ అక్షరానికీ మధ్య ఉన్న సందు మూసుకుపోద్ది. అందుకే ఒత్తులు ముందు చేస్కోండి, జీరో బ్రష్‌తోనో బాగా సన్నగా చెక్కిన పుల్లతోనో, అవి కొంచెం పట్టాక పై అక్షరాలకి రండి. తలకట్టు కూడా అంతే, చివర సన్నగా తేలిపోయేచోట సగం చుక్క చాలు.

గాడి దాటి పక్కకి పోయిందని మధ్యలో తుడవొద్దు. పోనివ్వండి. మొత్తం పేరు నిండాక ఒకేసారి తుడుద్దాం.

తుడవడానికి గుడ్డ గట్టిగా, చదునుగా ఉండాలి. పాత బనియన్ ముక్క అస్సలు వద్దు, సాగే గుడ్డ గాడిలోకి దిగి లోపలున్న రంగుని కూడా తోడేసుకుని వచ్చేసిద్ది. పాత నూలు పంచె ముక్క మంచిది, పోగులు రాలవు. ఆ ముక్కని ఎక్స్‌పైర్ అయిపోయిన ఏటీఎం కార్డు చుట్టూ ఒక్క పొరే బిగించి చుట్టండి, కార్డు అంచు గట్టిగా ఉంటది కాబట్టి గాడి మీదుగా దూకిపోద్ది, లోపలికి దిగదు. యాక్రిలిక్ అయితే పోసిన రెండు మూడు నిమిషాలకి, గుడ్డని నీళ్ళలో తడిపి బాగా పిండేసి తుడవాలి. ఎనామిల్ అయితే పది పదిహేను నిమిషాలు ఆగండి, పైన కొంచెం పట్టు వచ్చిద్ది, అప్పుడు గుడ్డకి టర్పెంటైన్ రెండు చుక్కలు అద్ది, ఇంకో గుడ్డకి ఒత్తేసి, దాదాపు పొడిగా ఉన్నప్పుడు తుడవాలి. తడి ఎక్కువుంటే టర్పెంటైన్ గాడిలోకి పాకి రంగు పల్చబడిపోద్ది.

గీత వెంబడి తుడవొద్దు, అడ్డంగా ఐమూలగా ఒకే దిశలో లాగండి. ఒక్క లాగుడు, గుడ్డని కొంచెం జరిపి శుభ్రమైన చోటుతో ఇంకో లాగుడు, మళ్ళీ జరపాలి. వాడిన చోటుతోనే మళ్ళీ తుడిస్తే తీసిన రంగునే మళ్ళీ మొహం మీద పులుముతున్నట్టు. ముందుకీ వెనక్కీ రుద్దడం కూడా అంతే. మూడు నాలుగు లాగుళ్ళకి పేరు కత్తిరించినట్టు బయటపడిద్ది. సన్నటి మసక మిగిలితే వదిలెయ్యండి, ఆరాక గోటితోనో కార్డు అంచుతోనో గీకితే వచ్చేసిద్ది. ఎమరీ పేపర్ మాత్రం పెట్టొద్దు, రెండు వేల నంబర్‌దైనా సరే, మొహం మీద మెరుపు పోద్ది, ఆ గీతల్లో రంగు కూర్చుంటది, అదే అడుగు వైపు అయితే జారుడే మారిపోద్ది.

ఆరాక చూస్తే రంగు గాడిలో కిందకి దిగిపోయినట్టు కనిపిస్తది. అది సహజం, కలిపిన నీళ్ళో టర్పెంటైనో ఆవిరైపోయాక రంగు కుంచించుకుపోద్ది. ఒకేసారి బోలెడు నింపేద్దామని చూడకుండా మొదటి పూత ఆరాక రెండోది వెయ్యండి, యాక్రిలిక్ అయితే గంట తర్వాత, ఎనామిల్ అయితే మర్నాడు. ఎంతవరకు నింపాలి అంటే మొహం కంటే వెంట్రుకవాసి కిందే ఆపాలి. సమానంగా నింపాలని చాలామంది పట్టుబడతారు, అది షోకేసులో పెట్టే షీల్డుకి సరే. స్ట్రైకర్ ఏ వైపు కింద పెట్టి ఆడతారో ఎవరు చూడొచ్చారు, రంగు కొంచెం పైకి లేచి ఉంటే బోర్డుకి రాసుకుని పట్టేసిద్ది, రంగూ అరిగిపోద్ది. కొంచెం లోపలుంటే బోర్డు దాన్ని తాకదు, ఏళ్ళ తరబడి ఉంటది. రెండు వైపులా పేరు ఉంటే ఒక వైపు పూర్తిగా ఆరాకే తిప్పండి.

బరువు గురించి ఒక మాట, టోర్నమెంట్లు ఆడేవాళ్ళకి. అంతర్జాతీయ క్యారమ్ ఫెడరేషన్ నియమాల ప్రకారం స్ట్రైకర్ 15 గ్రాములు దాటకూడదు, వ్యాసం 4.13 సెంటీమీటర్లు దాటకూడదు, లోహంతోనో దంతంతోనో చేసింది పనికిరాదు. మనం నింపే రంగు ఎంతుంటది? గాడి అర మిల్లీమీటరు వెడల్పు, దాంట్లో 0.3 మిల్లీమీటర్ల లోతు అనుకుని, పేరులో గీతలన్నీ కలిపి 20 సెంటీమీటర్లు అనుకుంటే 30 ఘనపు మిల్లీమీటర్లు, అంటే సుమారు 30, 40 మిల్లీగ్రాములు. సెల్లార్‌లో ఆడే ఆటకి అది లెక్కలోకే రాదు. కానీ కొన్ని స్ట్రైకర్లు సరిగ్గా 15కి ఆనుకుని చేసి ఉంటాయి, వాటికి పెద్ద డిజైన్ మొత్తం నింపితే గీత దాటొచ్చు. తెలిసిన బంగారం కొట్టు ఉంటే ఆరాక ఒకసారి వాళ్ళ కాటా మీద పెట్టి చూస్కోండి, మిల్లీగ్రాములతో సహా చెప్పేసిద్ది.

ఆరబెట్టడం అంటే ఎండలో పెట్టడం కాదు. డాబా మీద మే నెల ఎండకి ప్లాస్టిక్ వేడెక్కిపోద్ది, ఎనామిల్ పైన పొర కట్టేసి లోపల పచ్చిగా ఉండిపోద్ది. స్వీట్ బాక్స్ ఒకటి బోర్లించి దాని కింద పెట్టండి, దుమ్ము పడదు, గాలి ఆడిద్ది. యాక్రిలిక్ ఒక రోజు ఆగితే ఆడుకోవచ్చు. ఎనామిల్‌ని ముట్టుకుంటే మర్నాటికే ఆరినట్టు అనిపిస్తది, కానీ వారం ఆగండి. పచ్చిగా ఉన్నప్పుడు ఆడితే బోరిక్ పౌడర్ ఆ మెత్తటి రంగులో దిగబడి మెరుపంతా పోయి సున్నం కొట్టినట్టు అయిపోద్ది, మళ్ళీ కడిగినా రాదు.

ఇదే పద్ధతి మాల్స్‌లో ఆడే బౌలింగ్ బంతులకీ పనికొస్తది, వాటి మీద చెక్కే నంబర్లు, పేర్లు పెద్దవి కాబట్టి ఇంకా తేలిక. ఒక్కటే తేడా, బౌలింగ్ లేన్ మీద నూనె పూస్తారు, రియాక్టివ్ రెజిన్ రకం బంతులు ఆ నూనెని పీల్చుకుంటాయి, గాడిలో తుడిచినా మళ్ళీ ఊరి రంగుని పైకి నెట్టేసిద్ది. అందుకని జిడ్డు తుడుపు ఒకసారికి సరిపోదు, తుడిచి ఒక రోజు వదిలి మళ్ళీ తుడిచి అప్పుడు నింపాలి. అసిటోన్ అక్కడ కూడా వద్దు.

క్రికెట్ హెల్మెట్, స్కేటింగ్ హెల్మెట్ మీద అక్షరాలకి మాత్రం ఈ పని చెయ్యకండి, పిల్లలవి అయితే అస్సలు. ఆ డొప్ప ప్లాస్టిక్ దెబ్బకి పగలకుండా తలని కాయాలి, పెయింట్‌లో ఉండే ద్రవాలూ టర్పెంటైనూ దాన్ని పైకి తెలీకుండా పెళుసు చెయ్యొచ్చు. పేరు కావాలంటే లోపలుండే బెల్టు మీద రాసుకోండి.

చివరగా టర్పెంటైన్, ఎనామిల్ అంటిన గుడ్డ ముక్కల్ని ఉండ చుట్టి డస్ట్‌బిన్‌లో పడెయ్యకండి. ఎనామిల్‌లో ఉండే నూనె ఆరేటప్పుడు వేడి పుట్టిస్తది, ఉండలో ఆ వేడి బయటికి పోక దానంతట అదే అంటుకునే ప్రమాదం ఉంది, మన ఎండలకి ఇంకానూ. విప్పి పరిచి, బయట నీడలో గట్టిగా బిరుసెక్కేదాకా ఆరబెట్టి అప్పుడు పడెయ్యండి. టర్పెంటైన్ సీసా మూత బిగించి పిల్లలకి అందని అటక మీద పెట్టండి, కూల్‌డ్రింక్ బాటిల్‌లో మాత్రం ఎప్పుడూ పొయ్యొద్దు.